‘ఏం కాదులే’ చిట్కాలు

మా బావగారికి గుండెకి స్టెంటు వేసిన మూడో నెలలో, డాలస్‌లో ఉన్న మేనల్లుడు ఆన్‌లైన్‌లో ట్రెడ్‌మిల్ కొని పంపాడు. గుంటూరులో వాళ్ల ఇల్లు రెండో అంతస్తు. లిఫ్టు లేదు. ఎనభై కిలోల పైచిలుకు పెట్టెను కుర్రాళ్లు గేటు దగ్గర దించి, సంతకం పెట్టించుకుని వెళ్లిపోయారు. బిగించే మనిషి నాలుగు రోజుల తరవాత వస్తాడని ఫోనులో చెప్పారు. అన్నాళ్లు ఆగడం ఎందుకని వాచ్‌మన్, పక్క ఫ్లాటాయన, ఇంజినీరింగు చదివే కుర్రాడొకడు కలిసి ఆ సాయంత్రమే పెట్టె పైకి మోసి బిగించేశారు. ముగ్గురూ మంచివాళ్లు, బావగారంటే అభిమానం ఉన్నవాళ్లు. అందుకే వాళ్లు చెప్పిన ప్రతి మాటా ఆయన నమ్మారు.

ఐదో రోజు పొద్దున నడుస్తూ టీవీ వైపు చూడబోయి ఒక అడుగు తడబడ్డారు. బెల్టు ఆయన్ని వెనక్కి లాక్కుపోయింది. వెనకాల జానెడు దూరంలో గోడ. గోడకీ, తిరుగుతున్న బెల్టుకీ మధ్య ఇరుక్కుపోయారు. మా అక్క వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి ప్లగ్గు పీకేదాకా ఆ బెల్టు ఆయన మోకాళ్ల మీద చర్మాన్ని గీరుతూనే ఉంది. కుడి మణికట్టు విరిగింది. మనిషి జారితే బెల్టుని ఆపే తాళం ఒకటుంటుంది, దాని క్లిప్పు చొక్కాకి పెట్టుకోలేదు. ‘అది పరిగెత్తేవాళ్లకి, నడకకి అక్కర్లేదు’ అని ఎవరో చెప్పారట.

నేను నూలుమిల్లులో ముప్పై రెండేళ్లు ఫిట్టర్‌గా పనిచేశాను. బెల్టులూ రోలర్లూ బేరింగులే నాకు తిండి పెట్టాయి. ఆ వారమే వెళ్లి ఆ యంత్రాన్ని మొత్తం విప్పాను. విప్పుతుంటే ఒక్కో తప్పు వెనకాల ఒక్కో సలహా బయటపడింది. ఈ మూడేళ్లలో మా వీధిలోనూ చుట్టాల ఇళ్లలోనూ ఇరవైకి పైగా యంత్రాలు బిగించి ఇచ్చాను. ఎక్కడికి వెళ్లినా అవే మాటలు వినపడుతున్నాయి. వాటిని ఒక నోటుబుక్కులో రాసుకుంటూ వచ్చాను. చెప్పేవాళ్లు వేరైనా చివర్న అందరూ తగిలించే ముక్క ఒకటే, ‘ఏం కాదులే’. కింద రాసినవన్నీ ఆ పుస్తకంలోవి. మీకెవరైనా ఇవి చెబితే దయచేసి వినకండి.

‘మాన్యువల్ చదివేదేముంది, యూట్యూబ్‌లో చూసి బిగించేద్దాం.’

వీడియోలో ఉన్న యంత్రం మీ యంత్రం కాదు. ఒకే కంపెనీలో, ఒకే పేరుతో వచ్చిన రెండు మోడళ్లకి కూడా బోల్టుల పొడవులు వేరుగా ఉంటాయి. పొడుగు బోల్టు పొట్టి బోల్టు ఉండాల్సిన చోట పెడితే లోపల వైరుకో మోటారు కవరుకో తగులుతుంది. పొట్టి బోల్టు పొడుగుదాని చోట పెడితే రెండు మూడు చుట్లు మాత్రమే పట్టుకుంటుంది. బయటికి రెండూ బిగిసినట్టే కనిపిస్తాయి.

నా పద్ధతి చెబుతాను. పెట్టె విప్పగానే నేల మీద పాత దుప్పటి పరిచి, మాన్యువల్లో ఉన్న బొమ్మ పక్కన ప్రతి బోల్టూ, నట్టూ, వాషరూ పెట్టి లెక్కపెడతాను. ఒక్కటి తక్కువైనా ఆ రోజు పని మొదలుపెట్టను. పని అయ్యాక ఒక్కటి మిగిలినా యంత్రం ఎక్కనివ్వను. ‘కంపెనీవాళ్లు ఎక్స్‌ట్రా వేస్తార్లే’ అనే మాట చాలాసార్లు విన్నాను. స్పేరు వేస్తే ఆ సంగతి మాన్యువల్లో రాస్తారు. బావగారి ఇంట్లో కిటికీ గట్టు మీద ఒక గాజు సీసాలో రెండు బోల్టులు, నాలుగు వాషర్లు దొరికాయి. అవి కుడివైపు నిలువు కడ్డీ అడుగున ఉండాల్సినవి. ఆయన పట్టుకుని నడిచిన కడ్డీ సగం బోల్టుల మీద నిలబడి ఉంది.

వాషర్ల సంగతి చిన్నదిగా అనిపిస్తుంది గానీ అదే ఎక్కువ చోట్ల తప్పుతుంది. బోల్టుకి ముందు స్ప్రింగు వాషరు, తరవాత చదును వాషరు, ఆ తరవాత యంత్రం. గుండ్రటి గొట్టం మీద కూర్చునే చోట వంపు తిరిగిన వాషరు ఇస్తారు, దాని వంపు గొట్టానికి ఆనుకోవాలి. అడుగులు పడినకొద్దీ వచ్చే అదురుకి బోల్టు వదులు కాకుండా చూసేది స్ప్రింగు వాషరే. ‘ఇన్ని బిళ్లలెందుకు’ అని పక్కన పడేసినవాళ్ల యంత్రాలు నెల తిరక్కుండానే కిర్రుకిర్రుమంటాయి.

‘ఒక్కోటీ గట్టిగా బిగించుకుంటూ పో.’

గట్టి మనుషులు ఇష్టంగా ఇచ్చే సలహా ఇది. మొదటి బోల్టు కడదాకా బిగిస్తే ఫ్రేము ఒక పక్కకి లాగేస్తుంది. చివరి రంధ్రం కలవదు. అప్పుడు సుత్తి వస్తుంది, లేదా బోల్టుని వంకరగా పెట్టి ఎల్-కీతో బలవంతంగా తిప్పడం మొదలవుతుంది. అక్కడితో థ్రెడ్డు పోతుంది. లోపల నట్టు వెల్డింగు చేసి ఉన్న చోట థ్రెడ్డు పోతే ఇంట్లో చేయగలిగిందేమీ లేదు.

అన్ని బోల్టులూ ముందు వేళ్లతో తిప్పి పెట్టండి. అన్నీ కూర్చున్నాక, యంత్రాన్ని చదునైన నేల మీద నిలబెట్టి, ఎదురెదురు బోల్టులు కొంచెం కొంచెంగా బిగించుకుంటూ రండి. బోల్టు సరిగ్గా థ్రెడ్డులో కూర్చుందో లేదో తెలుసుకోవడానికి మా మేస్త్రి నాకు ఇరవయ్యేళ్ల వయసులో నేర్పిన సంగతి ఒకటుంది. రంధ్రంలో పెట్టాక ముందు ఎడమకి, అంటే విప్పే వైపుకి, మెల్లగా తిప్పండి. ఒక చోట ‘టక్’మని చిన్నగా కిందికి దిగుతుంది. అక్కణ్నుంచి కుడికి తిప్పితే వేళ్లతోనే సాఫీగా వెళుతుంది. వేళ్లతో మూడు చుట్లు వెళ్లని బోల్టుకి కీ పెట్టకండి.

కన్సోలుకి వెళ్లే వైరు నిలువు కడ్డీ లోపలి నుంచి వస్తుంది. కడ్డీ నిలబెట్టేటప్పుడు ఒక మనిషి ఆ వైరుని పైకి లాగి పట్టుకోవాలి. పట్టుకోకపోతే కడ్డీ అంచుకీ ఫ్రేముకీ మధ్య నలిగిపోతుంది. తెర వెలగలేదంటే చాలాసార్లు కారణం అదే. ఒక్కడే బిగించకూడదనడానికి కూడా అదే కారణం. వారం రోజులు వాడాక అన్ని బోల్టులూ మరోసారి బిగించాలి, ఆ తరవాత నెలకొకసారి.

‘పెడల్ తిరగట్లేదా? ఇంకాస్త బలంగా తిప్పు.’

ఎక్సర్‌సైజు సైకిళ్లు పాడవడానికి నేను చూసినంతలో పెద్ద కారణం ఈ ఒక్క వాక్యం. కుడి పెడల్ అన్ని బోల్టుల్లాగే కుడికి తిప్పితే బిగుస్తుంది. ఎడమ పెడల్ ఎడమకి తిప్పితేనే బిగుస్తుంది. దాని మర తిరగేసి ఉంటుంది. సైకిలు షాపువాళ్లకి ఇది ఉగ్గుపాలతో వచ్చిన విద్య, ఇంట్లో బిగించేవాళ్లకి తెలియదు. కుడికి తిప్పుతారు, వెళ్లదు. పానా తెచ్చి ఇంకా బలంగా తిప్పుతారు. పెడల్ ఇరుసు ఉక్కు, క్రాంకు లోపలి మర దానికంటే మెత్తన. మెత్తనిది అరిగిపోతుంది. పెడల్ అప్పటికి నిలిచినట్టే ఉంటుంది. వారానికో పది రోజులకో, తొక్కుతున్న మనిషి బరువంతా దాని మీద ఉన్నప్పుడు ఊడి వస్తుంది.

ఎందుకిలా తిరగేసి పెట్టారంటే, తొక్కుతున్నకొద్దీ పాదం బరువు ఇరుసు చుట్టూ తిరుగుతూ దాన్ని కొద్దికొద్దిగా మెలి తిప్పుతుంది. ఎడమవైపు మామూలు మర ఉంటే ఆ మెలిక విప్పే వైపుకి పనిచేస్తుంది. విమానం ఎగరేసిన రైట్ సోదరులు అంతకు మూడేళ్ల ముందు, 1900లో, తమ షాపులో తయారుచేసే సైకిళ్లకి ఊడిపోని పెడల్ అని ఇదే పద్ధతి పెట్టి అమ్మారు. నూట పాతికేళ్ల నాటి ఈ సంగతి ప్రతి పెట్టెలోనూ ఉంటుంది. పెడల్ ఇరుసు చివర, క్రాంకు మీద ‘ఎల్’, ‘ఆర్’ అని అక్షరాలు చెక్కి ఉంటాయి. ఎడమ, కుడి అన్నది సీటు మీద కూర్చున్న మనిషి లెక్కన. గుర్తు పెట్టుకోవడానికి తేలిక దారి ఒకటుంది: పానాని ఇరుసు మీద నిలువుగా పైకి పెట్టి సైకిలు ముందు వైపుకి తిప్పితే రెండు పెడళ్లూ బిగుస్తాయి, వెనక వైపుకి తిప్పితే రెండూ ఊడతాయి.

సీటు కడ్డీ మీద ఒక గీత, దాని పక్కన ‘మ్యాక్స్’ అనో ‘స్టాప్’ అనో రాసి ఉంటుంది. ఆ గీత బయటికి కనపడేంత పైకి సీటు లేపకూడదు. పొడుగు మనిషికి గీత దాటితే గానీ కాలు చాలకపోతే ఆ సైకిలు ఆయనకి సరిపడదు, మార్చుకోవాలి. స్పిన్ బైకు కొన్నవాళ్లకి ఇంకో మాట. దాని బరువు చక్రం చాలా వాటిల్లో పెడళ్లతో కలిసే తిరుగుతుంది, రోడ్డు సైకిలులాగా కాళ్లు ఆపితే ఊరుకోదు. వేగంగా తిరుగుతున్నప్పుడు కాళ్లు ఆపబోతే పెడళ్లే కాళ్లని తిప్పేస్తాయి. ఆపాలంటే ఎదురుగా ఉన్న బ్రేకు పిడిని కిందికి నొక్కాలి. ఎక్కేముందే ఆ పిడి ఎక్కడుందో చేత్తో తడిమి చూసుకోమని మా మేనకోడలికి ప్రతిసారీ చెబుతాను.

‘గోడకి ఆనించి పెట్టండి, చోటు కలిసొస్తుంది.’

బావగారి చెయ్యి విరగ్గొట్టిన సలహా ఇదే. లెక్క చూడండి. గంటకి ఆరు కిలోమీటర్ల వేగమంటే సెకనుకి ఒకటిన్నర మీటరు పైన. ఇంట్లో వాడే ట్రెడ్‌మిల్ బెల్టు మీద నడిచే చోటు పొడవు మీటరుంపావు, ఎక్కువంటే మీటరున్నర. మధ్యలో నిలబడిన మనిషి అడుగు తప్పితే అర సెకనులో వెనక అంచు దగ్గర ఉంటాడు. ఆ అర సెకనులో ఎవరూ ఏ బటనూ నొక్కలేరు. వెనక ఖాళీ ఉంటే నేల మీద పడతాడు, దెబ్బ తగులుతుంది, అక్కడితో సరి. గోడో మంచమో బీరువానో ఉంటే బెల్టు అతన్ని దానికేసి నొక్కిపట్టి తిరుగుతూ ఉంటుంది.

వెనకాల రెండు మీటర్లు, అంటే ఆరున్నర అడుగులు. రెండు పక్కలా కనీసం అర మీటరు. చాలా మాన్యువళ్లలో ఈ కొలతలే ఉంటాయి. మీ మాన్యువల్లో ఇంకా ఎక్కువ రాస్తే దాన్నే పాటించండి. టేపు పెట్టి కొలవండి, కళ్లతో అంచనా వేయకండి. పడకగదిలో ఈ చోటు లేకపోతే హాల్లో పెట్టుకోండి, హాల్లోనూ లేకపోతే ట్రెడ్‌మిల్ కొనకండి. సైకిలుకి ఇంత చోటు అవసరం లేదు.

మన ఇళ్లలో వాస్తు మాట తప్పకుండా వస్తుంది. ఈశాన్యంలో బరువు పెట్టకూడదని నైరుతి మూలకి నెట్టేస్తారు. మూల అంటేనే రెండు పక్కల గోడలు. వాస్తు నమ్మేవాళ్ల మనసు నొప్పించే ఉద్దేశం నాకు లేదు. నైరుతి గదిలోనే పెట్టుకోండి, కాకపోతే యంత్రం ముఖం గోడవైపు ఉండి వీపు గది మధ్యకి ఉండాలి. గోడని చూస్తూ నడవడం విసుగంటారు. టీవీని ఆ గోడకి బిగించుకోవచ్చు.

‘బాల్కనీలో పెట్టు, గాలి బాగా తగులుతుంది’ అనేది దీని చెల్లెలు. విశాఖలో మా తోడల్లుడి ఇంట్లో సముద్రం గాలికి ఒక్క ఏడాదిలో రోలరు చివర్లు తుప్పు పట్టి బెల్టు పక్కకి లాగడం మొదలైంది. ఒక వానజల్లుకి మోటారు బోర్డు కాలిపోయింది. ఇవి నాలుగు గోడల మధ్య వాడటానికి చేసిన యంత్రాలు.

ఇక ‘స్లాబు కూలిపోతుంది’ అని భయపెట్టేవాళ్లూ ఉన్నారు. ఆ భయం ఎక్కువ. మన దేశపు ఐఎస్ 875 ప్రమాణం ప్రకారం ఇళ్ల గదులకి చదరపు మీటరుకి 2 కిలోన్యూటన్ల బరువుకి, అంటే దాదాపు రెండు వందల కిలోలకి, స్లాబు లెక్క వేస్తారు. పద్ధతిగా కట్టిన ఆర్‌సీసీ ఇంట్లో ఒక ట్రెడ్‌మిల్లూ దాని మీద నడిచే మనిషీ ఆ లెక్కలోనే ఇమిడిపోతారు. పాత మిద్దె ఇళ్లయితే మాత్రం ఇంజినీరుని పిలిచి చూపించాలి. స్లాబు గురించి కాకుండా కింది ఫ్లాటులో పడుకున్న పసిపిల్ల గురించి ఆలోచించండి. పన్నెండు మిల్లీమీటర్ల మందం గట్టి రబ్బరు చాప వేస్తే శబ్దం బాగా తగ్గుతుంది, టైల్సు మీద యంత్రం జారదు. పిల్లలు ఆడుకునే మెత్తటి ఫోమ్ పలకలు బరువుకి ఒక పక్క కుంగిపోయి యంత్రాన్ని వంకర చేస్తాయి.

‘ఎక్స్‌టెన్షన్ బోర్డు ఉందిగా, దానికి గుచ్చు.’

ఇక్కడ కాస్త ఓపికగా చదవండి, ప్రాణం మీదికి వచ్చేది ఇదే.

మన ఇళ్లలో చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లది, పెద్దది, పవర్ ప్లగ్గంటామే, అది 16 ఆంపియర్లది. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు. రెండు హార్స్‌పవర్ల మోటారు పూర్తి బరువు మీద తిరిగితే దాదాపు ఒకటిన్నర కిలోవాట్లు. 230 వోల్టుల దగ్గర ఆరున్నర ఆంపియర్లు. ఇది మోటారు చేసే పని మాత్రమే. వేడిగా పోయేది, స్టార్టింగులో లాగేది దీనికి అదనం. చిన్న ప్లగ్గు హద్దు ఇక్కడే దాటిపోయింది. అట్ట మీద ‘4 హెచ్‌పీ పీక్’ అని పెద్ద అక్షరాలతో రాస్తారు, అది క్షణకాలం లాగగలిగేది. ఎంతసేపైనా తిరగగలిగేదాన్ని ‘కంటిన్యువస్’ అంటారు, కొనేటప్పుడు దాన్ని అడగండి.

సన్నని తీగ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు ఈ కరెంటుకి వేడెక్కుతుంది. చుట్ట చుట్టి ఉంటే ఇంకా తొందరగా. పైన తివాచీ కప్పి ఉంటే ఆ వేడి ఎటూ పోదు. పెద్ద పిన్నుని చిన్న సాకెట్టులో పెట్టడానికి బజార్లో దొరికే కన్వర్టరు కూడా అంతే, ప్లగ్గు చిన్నదే, తీగ చిన్నదే, పైన టోపీ మార్చారంతే. ఒక ఇంట్లో అలాంటి కన్వర్టరు కరిగి సాకెట్టుకి అతుక్కుపోయి ఉంటే స్క్రూడ్రైవరుతో గీకి తీశాను. ఎలక్ట్రీషియన్ని పిలిచి, మెయిన్ బోర్డు నుంచి విడిగా తీగ లాగించి ఒక పవర్ ప్లగ్గు పెట్టించుకోండి. ట్రెడ్‌మిల్ ధరలో అది ఏ మూలకీ రాదు.

మూడో పిన్ను గురించి. ‘ఎర్తు లేకపోయినా తిరుగుతుంది’ అంటారు. తిరుగుతుంది, నిజమే. లోపల ఒక తీగ తోలు ఊడి ఇనుప ఫ్రేముకి తగిలిన రోజున కూడా తిరుగుతూనే ఉంటుంది. చెమట కారుతున్న చేతులతో ఆ ఫ్రేము పట్టుకున్న మనిషి ద్వారా కరెంటు నేలలోకి పోతుంది. పాత ఇళ్లలో సాకెట్టుకి మూడు రంధ్రాలున్నా పైదాని వెనక తీగే ఉండదు. ఎలక్ట్రీషియన్ చేత ఎర్తు ఉందో లేదో పరీక్ష చేయించందే ట్రెడ్‌మిల్ పెట్టకండి. యంత్రం వేసినప్పుడల్లా ఆర్‌సీసీబీ పడిపోతుంటే ‘దాన్ని తీసేసి డైరెక్టు ఇచ్చేద్దాం’ అనే మనిషిని గుమ్మం దాటి లోపలికి రానివ్వకండి. ఇళ్లలో పెట్టే 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ మీ ప్రాణం కాపాడటానికి ఉన్న కాపలాదారు. అది పడిపోతోందంటే ఎక్కడో లీకేజీ ఉంది. వెతికించండి.

‘తాళం పోయిందా? ఫ్రిజ్ మీది మ్యాగ్నెట్ పెట్టు, పనిచేస్తుంది.’

పనిచేస్తుంది. అదే ప్రమాదం. ఆ ఎర్ర తాళానికి దారం, దారం చివర క్లిప్పు ఎందుకున్నాయంటే మనిషి వెనక్కి జారిన క్షణంలో తాళం ఊడి బెల్టు ఆగిపోవడానికి. మ్యాగ్నెట్ ఎప్పటికీ ఊడదు. క్లిప్పు చొక్కాకి పెట్టుకుని, బెల్టు మెల్లగా తిరుగుతుండగా పక్క పట్టాల మీద నిలబడి ఒకసారి దారం లాగి చూడండి, ఆగాలి. నెలకొకసారి ఇది చేయండి. కంపెనీ నుంచి కొత్త తాళం తెప్పించుకునేదాకా యంత్రం ఎక్కకండి.

పిల్లలున్న ఇంట్లో నడక అవగానే తాళం తీసి బీరువాలో పెట్టాలి, ప్లగ్గు పీకాలి. ‘ఆఫ్ చేసి ఉంది కదా, ఎక్కి ఆడుకోనీలే’ అన్న మాట నాకు వణుకు పుట్టిస్తుంది. 2009లో అమెరికాలో బాక్సరు మైక్ టైసన్ నాలుగేళ్ల కూతురు ట్రెడ్‌మిల్‌కి వేలాడుతున్న తాడు మెడకి బిగుసుకుని చనిపోయింది. యంత్రం తిరగనే అక్కర్లేదు, వేలాడే తాడు చాలు. 2021 మేలో పెలోటన్ కంపెనీ తన ట్రెడ్ ప్లస్ యంత్రాలు దాదాపు లక్షా పాతికవేలు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఒక పిల్లవాడు దాని వెనక భాగం కిందికి లాగబడి చనిపోయాడు, ఇంకా డజన్లకొద్దీ ప్రమాదాలు జరిగాయి. యంత్రం ఉన్న గదికి తలుపు వేసి పైన గడియ పెట్టండి. మనం నడుస్తున్నప్పుడు పిల్లలు వెనక ఉండకూడదు. మనకి వీపు వైపు కళ్లుండవు.

బట్టల మాట కూడా ఇక్కడే. చున్నీ, చీర కొంగు, వదులు నైటీ, విప్పిన జడ, ఇవేవీ తిరిగే చక్రం దగ్గరికి రాకూడదు. మా అక్క మొదట్లో కొంగు దోపుకుని సైకిలు తొక్కేది. ఇప్పుడు పంజాబీ డ్రెస్సు వేసుకుని, చున్నీ తీసి కుర్చీ మీద పెట్టి ఎక్కుతుంది. ‘ఒట్టి కాళ్లతో నడిస్తే పాదాలకి మంచిది’ అన్నది గడ్డి మీద నడకకి చెప్పిన మాట. బెల్టు మీద ఒట్టి కాలు జారితే చర్మం ఊడుతుంది. బూట్లు వేసుకోవాలి, హవాయి చెప్పులు కూడా వద్దు.

‘బెల్టు బిగుసుకుపోతోందా? కాస్త కొబ్బరినూనె రాయి.’

కొబ్బరినూనె, ఆముదం, కుట్టుమిషను నూనె, అన్నీ చూశాను. దుమ్ముని పట్టుకుని జిగురైపోతాయి, బెల్టు అడుగు పొర పాడవుతుంది. వాడాల్సింది సిలికాన్ ఆయిలు. కొన్ని యంత్రాలకి అదీ అక్కర్లేదు, మైనం పూసి వస్తాయి. మాన్యువల్లో చూడండి. బెల్టు ఎడమకి జరుగుతుంటే వెనక ఎడమ బోల్టు పావు చుట్టు బిగించి, ఒక నిమిషం ఖాళీగా తిప్పి చూడాలి. కుడికి జరిగితే కుడి బోల్టు. ఒకేసారి రెండు చుట్లు తిప్పేస్తే బెల్టు రెండో వైపు అంచుకి దూసుకెళుతుంది.

‘ఆ చినప్ బార్ తలుపుకి తగిలించు, అమెరికాలో మావాడు అలాగే వేలాడతాడు.’

మీవాడు నిజమే చెబుతున్నాడు. అక్కడ తలుపు చుట్టూ గోడ మీదికి పొడుచుకొచ్చిన చెక్క అంచు ఉంటుంది. కొక్కేలున్న బార్ ఒక వైపు ఆ అంచు మీద కూర్చుని, రెండో వైపు గోడని నొక్కుతూ నిలుస్తుంది. మన ద్వారబంధం గోడలో కలిసిపోయి ఉంటుంది, ఆ బార్ కూర్చోవడానికి అంచే లేదు. నర్సరావుపేటలో ఒక కుర్రాడు ప్లాస్టరింగు చెక్కి అంచు తయారుచేసుకున్నాడు. మూడోసారి లేచేసరికి ప్లాస్టరింగుతో సహా వెల్లకిలా పడ్డాడు. వీపుకి దెబ్బతో బతికిపోయాడు.

రెండు చివర్లా తిప్పి ద్వారబంధం మధ్య బిగించే బార్ మనకి సరిపోతుంది, టేకో వేపో గట్టి చెక్క అయితేనే. దానితో ఇచ్చే గిన్నెల్లాంటి బిళ్లల్ని రెండు పక్కలా స్క్రూలతో బిగించి, వాటిలో బార్ కూర్చోబెట్టాలి. ఒట్టి రాపిడి మీద నిలిచిన బార్‌ని నమ్మకూడదు. అంతకన్నా మంచిది కాంక్రీటు దూలానికో స్తంభానికో యాంకర్ బోల్టులతో బిగించే బార్. డ్రిల్లు పెట్టినప్పుడు రాలే పొడి చూడండి. ఎర్రగా వస్తే ఇటుక, బూడిదరంగులో గట్టిగా వస్తే కాంక్రీటు, పాలిపోయి మెత్తగా పిండిలా వస్తే లైట్ వెయిట్ బ్లాకు. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడకీ, మామూలు యాంకర్లతో ఆ పిండి బ్లాకుకీ మనిషిని వేలాడదీయకూడదు.

ఫ్యాను కొక్కేనికి తాళ్లు కట్టి వేలాడేవాళ్లకి కూడా ఇదే చెబుతాను. ఫ్యాను కొక్కెం కొన్ని కిలోల ఫ్యానుకి పెట్టింది. ఉయ్యాల కొక్కెం స్లాబు పోసేటప్పుడే చువ్వలకి కట్టి పోస్తారు. మీ ఇంట్లో ఉన్నది ఏదో కట్టిన మేస్త్రిని అడిగి తెలుసుకోండి.

‘బెంచీ నూట యాభై కిలోలు మోస్తుంది, రాసుందిగా.’

ఆ నూట యాభైలో మీరు కూడా ఉన్నారు. మీరు ఎనభై కిలోలైతే బరువులకి మిగిలింది డెబ్భై. రాక్‌లో అడ్డకడ్డీలు లేకుండా, ఇంట్లో ఒక్కరే ఉన్నప్పుడు ఛాతీ మీదికి బరువు దించి ఎత్తే పని పెట్టుకోకండి. చేయి జారితే ఆ కడ్డీ మెడ మీదికి వస్తుంది, పిలవడానికి గొంతుండదు. చవకలో దొరికే ప్లేట్లు చాలావరకు ప్లాస్టిక్ తొడుగులో పోసిన సిమెంటు. కింద పడితే లోపల పగిలి ఒక వైపు బరువు తగ్గుతుంది. గుల్లగా శబ్దం వస్తే పారేయండి.

‘మొదటి రోజే ఓ అరగంట దంచెయ్.’

గుండె జబ్బో, మోకాళ్ల నొప్పో, బీపీయో ఉన్నవాళ్లు ముందు తమ డాక్టరుని అడిగి వేగం, సమయం రాయించుకోవాలి. ఎవరైనా సరే, బెల్టు మీద నిలబడి స్టార్టు నొక్కకూడదు. రెండు పక్కల ఉన్న పట్టాల మీద చెరో కాలు వేసి నిలబడి, క్లిప్పు పెట్టుకుని, స్టార్టు నొక్కి, బెల్టు గంటకి ఒక కిలోమీటరు వేగంతో కదులుతుండగా కడ్డీ పట్టుకుని ఒక్కో కాలూ దించాలి. దిగేటప్పుడు బెల్టు పూర్తిగా ఆగాకే. మొదటి వారం ఇంట్లో ఇంకో మనిషి ఉన్నప్పుడే నడవండి. ఛాతీలో నొక్కినట్టున్నా, కళ్లు తిరిగినా ఆపేసి కూర్చోండి, ఆ రోజుకి మళ్లీ ఎక్కకండి, డాక్టరుకి ఫోను చేయండి.

బావగారి మణికట్టుకి ఆరు వారాలు కట్టు ఉంది. అది విప్పాక కూడా రెండు నెలలు ఆయన ఆ గదిలోకి వెళ్లలేదు. డాక్టరు నడవమన్నాడని నేనే చేయి పట్టుకుని తీసుకెళ్లి, యంత్రం చుట్టూ తిప్పి, ఏ బోల్టు ఎక్కడ బిగించానో చూపించాను. క్లిప్పు ఆయన చొక్కాకి నేనే పెట్టి, దారం ఆయన చేతే లాగించాను. బెల్టు ఆగిపోవడం మూడుసార్లు చూశాకే కాలు పెట్టారు. ఇప్పుడు రోజూ ఇరవై నిమిషాలు, గంటకి మూడున్నర కిలోమీటర్ల వేగంతో నడుస్తున్నారు. యంత్రం వెనక రెండు మీటర్లు కొలిచి మా అక్క నేల మీద తెల్ల రంగుతో ముగ్గుగీత వేసింది. మొన్న దసరాకి ఇల్లంతా చుట్టాలు దిగితే, కుర్చీలు చాలక కొందరు నిలబడే టిఫిన్లు తిన్నారు. ఆ గీత లోపల మాత్రం ఎవరినీ కుర్చీ వేయనివ్వలేదు.